లెక్కలో చేరని దెబ్బ

హారీ ఆర్థర్ లావగెట్టో అనే పేరు మన పాఠకులలో విన్నవారు అరుదు. అమెరికాలో సైతం ఈనాడు ఆ పేరు ఎరిగినవారు బేస్‌బాల్ క్రీడ పూర్వచరిత్రను పనిగట్టుకొని చదివేవారే. అతడు 1934 మొదలు 1947 వరకు, నడుమ యుద్ధానికి ధారపోసిన నాలుగేండ్లు మినహాయిస్తే, పది సీజన్లు ఆ దేశపు అగ్రశ్రేణి జట్లలో ఆడాడు. ఆడిన ఆటలు 1043. కొట్టిన హిట్లు 945. ఈ 945లో ఏ ఒక్కటీ నేడు లోకానికి గుర్తులేదు. గుర్తున్నది మరొకటి: 1947 అక్టోబరు 3వ తేదీన అతడు కొట్టిన దెబ్బ. అది 'ప్రపంచ సిరీస్' అని అమెరికన్లు గొప్పగా పిలుచుకొనే అంతిమ పోటీలో కొట్టినది. ఆ పోటీల లెక్కను వారు మామూలు సీజను లెక్కలో కలపరు. వేరే పట్టికలో వ్రాసుకొంటారు. కనుక ఆ మనిషి పేరును నిలబెట్టిన ఒకే ఒక్క దెబ్బ, అతని జీవితకాలపు మొత్తం కింద వేసిన 945లో లేనే లేదు.

క్రీడాచరిత్ర వ్రాసేవారు సాధారణంగా అతన్ని 'ఎవరికీ అంతగా తెలియని ఆటగాడు, ఒక్క దెబ్బతో చిరస్మరణీయుడయ్యాడు' అని రెండు ముక్కలలో తేల్చివేస్తారు. ఇందులో రెండవ ముక్క నిజమే. మొదటి ముక్కతోనే నాకు పేచీ. లావగెట్టో 1938 నుండి 1941 వరకు వరుసగా నాలుగేండ్లు ఆల్‌స్టార్ జట్టుకు, అంటే ఆ యేటి మేటి ఆటగాళ్లందరినీ ఏరి కూర్చే జట్టుకు, ఎన్నికైనవాడు. తన కాలంలో అతడు తెలియనివాడు కాడు. అతన్ని తెలియనివాడిగా చేసినది, చాలావరకు, ఆ దెబ్బే. ఈ మాట విడ్డూరంగా తోచవచ్చు. ముందు కథ చెప్పి తరువాత వాదం చెబుతాను.

క్రికెట్టు ఎరిగిన మనకు బేస్‌బాల్ బొత్తిగా పరాయిది కాదు. అక్కడా ఒకడు బంతి విసురుతాడు, ఒకడు బ్యాటు పట్టి ఎదురు నిలుస్తాడు. మైదానంలో నాలుగు మూలల చదరం ఒకటి ఉంటుంది. ఆ మూలలను బేసులంటారు. బ్యాటు పట్టినవాడు బంతిని కొట్టి ఒక్కొక్క బేసే దాటుతూ, చదరమంతా చుట్టి బయలుదేరిన చోటికి చేరితే ఒక పరుగు. ముగ్గురు అవుటైతే ఆ జట్టు ఇన్నింగ్సు ముగుస్తుంది. అటువంటి ఇన్నింగ్సులు ఒక్కొక్క జట్టుకు తొమ్మిది. కొట్టడానికి అందని బంతులు నాలుగు విసిరితే బ్యాటు పట్టినవాడు ఉత్తపుణ్యానికి మొదటి బేసుకు నడిచిపోతాడు. దీనిని 'నడక' అనే వారూ పిలుస్తారు. నడక హిట్టు కాదు. బంతిని కొట్టి, ఎదుటివారి పొరపాటు సాయం లేకుండా, బేసు చేరితేనే హిట్టు. మరొక నియమం కూడా పాఠకులు గుర్తుంచుకోవాలి. ఒక ఆటగాడిని తప్పించి మరొకడిని దింపవచ్చును గాని, తప్పుకొన్నవాడు ఆ ఆటలో మళ్లీ అడుగు పెట్టరాదు. అందుచేత బయట బల్ల మీద కూర్చున్న పాతకాపులను ఒకే ఒక్కసారి బ్యాటు పట్టడానికి పంపే ఆచారం అక్కడ ఉన్నది. 1947 నాటికి లావగెట్టో బతుకు ఆ బల్ల మీదికి చేరుకొన్నది.

అతడు 1912 డిసెంబరు 1న కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో పుట్టాడు. ఇటలీ నుండి వలస వచ్చిన వంశం. సొంత ఊరి జట్టులోనే మొదట ఆడాడు. ఆ జట్టు యజమానికి 'కుకీ' అని ముద్దుపేరు ఉండేది. యజమాని పట్టుబట్టి తెచ్చుకొన్న కుర్రవాడు కనుక తోటివారు ఇతన్ని 'కుకీ గారి పిల్లవాడు' అని ఎగతాళి చేశారు. క్రమంగా యజమాని పేరు ఊడి పిల్లవాడికే అంటుకొన్నది. చివరిదాకా అతడు కుకీ లావగెట్టోయే. 1934లో పిట్స్‌బర్గ్ జట్టుకు, 1937లో బ్రూక్లిన్ జట్టుకు వెళ్లాడు. బ్రూక్లిన్‌లో మూడవ బేసు కాపరిగా స్థిరపడ్డాడు. 1941లో ఆ జట్టు ఇరవై ఒక్క ఏండ్ల తరువాత ప్రపంచ సిరీస్‌కు చేరినప్పుడు జట్టులో అతడున్నాడు. మరుసటి సంవత్సరం నౌకాదళంలో చేరాడు.

ఇరవై తొమ్మిదవ ఏట బ్యాటు దింపి ముప్పది మూడవ ఏట మళ్లీ పట్టుకొన్న ఆటగాడికి ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. కాళ్లు మునుపటివి కావు. అతని చోటులో చిన్నవాళ్లు కుదురుకొన్నారు. 1947లో అతడు ఆడినవి 41 ఆటలు. ఆ యేడంతా కలిపి కొట్టినవి 18 హిట్లు. ముప్పది అయిదేండ్లు నిండడానికి రెండు నెలల తక్కువ వయస్సు. మనవైపు ఆ వయస్సును పడుచుదనం అంటారు, బేస్‌బాల్‌లో వృద్ధాప్యం.

ఇక ఆ సంవత్సరం సంగతి. 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ జట్టు తరఫున జాకీ రాబిన్సన్ మైదానంలోకి దిగాడు. ఇరవయ్యవ శతాబ్దిలో అగ్రశ్రేణి బేస్‌బాల్ ఆడిన మొదటి నల్లజాతివాడతడు. అంతకుముందు ఆ క్రీడలో వర్ణభేదం శాసనం కాకున్నా శాసనం కన్న గట్టిగా అమలులో ఉండేది. జట్టు నాయకత్వం వహించవలసిన డ్యురోషర్‌ను క్రీడాధికారులు ఆ యేడాదికి బహిష్కరించినందున, అరవై దాటిన బర్ట్ షాటన్ అనే వృద్ధుడు ఆ పనికి వచ్చాడు. ఆయన ఆటగాళ్ల ఉడుపులు వేసుకొనక, మామూలు కోటుతోనే కూర్చుని జట్టును నడిపేవాడు. ఎదుటి పక్షం న్యూయార్క్ యాంకీలు. వారికి డబ్బు ఉన్నది, కీర్తి ఉన్నది, జో డిమాజియో ఉన్నాడు. ఈ డిమాజియో పేరును మన సాహిత్య పాఠకులు హెమింగ్వే వ్రాసిన వృద్ధ జాలరి కథలో చూచే ఉంటారు. బ్రూక్లిన్ వారికి ఉన్నది అభిమానం ఒక్కటే. అప్పటికి వారు మూడుసార్లు, 1916లో, 1920లో, 1941లో, అంతిమ పోటీకి చేరి మూడుసార్లూ ఓడినవారు.

1947 సిరీస్‌లో మొదటి రెండు ఆటలూ యాంకీలవి. మూడవది 9–8తో బ్రూక్లిన్ వారు దక్కించుకొన్నారు. నాలుగవది అక్టోబరు 3, శుక్రవారం నాడు బ్రూక్లిన్‌లోని ఎబెట్స్ ఫీల్డ్‌లో జరిగింది. మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన శుక్రవారానికి సరిగ్గా ఏడు వారాల తరువాతి శుక్రవారమది. మన కండ్లు అప్పుడు పంజాబు మీద, దారుల వెంట నడిచివస్తున్న శరణార్థుల మీద ఉన్నవి. ప్రపంచానికి ఆవలి అంచున ఎవరు బంతిని ఎటు కొట్టారో మనకెందుకు పట్టుతుంది? కాని ఆ నగరంలో ఆ సాయంకాలం కొన్ని గంటలపాటు మరో మాట లేదు. టెలివిజన్‌లో ప్రసారమైన మొదటి ప్రపంచ సిరీస్ అదే. అయితే టెలివిజన్ పెట్టె ఉన్న ఇండ్లు ఎన్నో ఉండేవి కావు. లక్షల మందికి ఆ ఆట చెవులతో చూచిన ఆట.

యాంకీల పక్షాన బంతి విసిరినవాడు బిల్ బెవెన్స్. ఆరిగాన్ రాష్ట్రంలోని హబ్బర్డ్ అనే చిన్న ఊరివాడు. అతనికీ వయస్సు ముప్పది దాటింది. ఆ సీజనులో 7 ఆటలు గెలిచి 13 ఓడాడు. అంత గొప్ప జట్టుకు ఆడుతూ గెలుపుకు దాదాపు రెట్టింపు ఓటములు మూటగట్టుకోవడమంటే నాయకుని నమ్మకం సన్నగిల్లే దశ అన్నమాట. ఆ రోజు కూడా అతని చేయి నిలకడగా లేదు. బంతి ఎటు పోతుందో అతనికే తెలియనట్టుండింది. నడక మీద నడక ఇచ్చాడు. ఆట ముగిసేసరికి అవి పది అయినవి. ప్రపంచ సిరీస్‌లో ఒక్క ఆటలో అన్ని నడకలిచ్చినవాడు అంతకు మునుపు లేడు. కాని ఒక చిత్రం జరిగింది. బంతి గురి మీద ఉన్నప్పుడు దానిని ఎవ్వరూ సరిగా కొట్టలేకపోయారు. అయిదవ ఇన్నింగ్సులో బ్రూక్లిన్ వారు ఒక పరుగు సంపాదించారు గాని, అది రెండు నడకల మీద, రెండు అవుట్ల మీద ఇంటికి చేరిన పరుగు. హిట్టు దానిలో లేదు. యాంకీలు అప్పటికే రెండు పరుగులు చేసి ఉన్నారు.

ఎనిమిది ఇన్నింగ్సులు గడిచాయి. బెవెన్స్ ఒక్క హిట్టైనా ఇవ్వలేదు. తొమ్మిదింటినీ అట్లా ముగించడం బంతి విసిరేవాడికి జన్మకొక్కసారి దక్కితే దక్కే ఘనత. ప్రపంచ సిరీస్ 1903లో మొదలైంది. అప్పటినుండి అది ఎవరికీ దక్కలేదు. అటువంటి ఆట నడుస్తున్నప్పుడు దాని మాట పైకి ఎత్తరాదని బేస్‌బాల్ జనంలో ఒక పట్టింపు. ఎత్తితే దిష్టి తగులుతుందని. ఆనాడు రేడియోలో వ్యాఖ్యానం చెప్పినవారు ఇద్దరు. మొదటి సగం చెప్పిన మెల్ ఆలెన్ ఆ పట్టింపును పాటించాడు. రెండవ సగం అందుకొన్న రెడ్ బార్బర్ ఉన్నది ఉన్నట్టు చెప్పివేశాడు. తరువాత ఆ దిష్టి తనదేనని ఎందరో తిట్టిపోశారట. వార్త చెప్పడానికి కూర్చున్నవాడు వార్త చెప్పడం తప్పా? అనాదిగా మన కథకుల మీద కూడా ఇటువంటి నిందలే ఉన్నవి కాబోలు.

తొమ్మిదవ ఇన్నింగ్సు మొదటి సగంలో యాంకీలు మూడు బేసుల మీదా మనుషులను నిలిపి, ఒక్కడే అవుటై ఉన్న స్థితికి వచ్చారు. బ్రూక్లిన్ వారి పని అయిపోయిందనుకొన్నారు. షాటన్ హ్యూ కేసీ అనే అతన్ని పిలిచి బంతి అతని చేతిలో పెట్టాడు. ఎదుట టామీ హెన్రిక్. ఈ ఇద్దరికీ ఒక పాత బాకీ ఉన్నది. 1941 సిరీస్‌లో, ఇదే మైదానంలో, మళ్లీ నాలుగవ ఆటలోనే, కేసీ బంతికి హెన్రిక్ అవుటై బ్రూక్లిన్ గెలిచినట్టే అయిన క్షణంలో బంతి వెనుకనున్నవాడి చేతిలో నిలవక జారిపోయింది. హెన్రిక్ బేసు చేరాడు. ఆట తలకిందులై యాంకీలు గెలిచారు. ఆ పరాభవాన్ని బ్రూక్లిన్ ఆరేండ్లు మోసింది. ఇప్పుడు కేసీ ఒకే ఒక బంతి విసిరాడు. హెన్రిక్ దానిని నేల మీదుగా తిరిగి కేసీ చేతికే కొట్టాడు. ఆ ఒక్క బంతికి ఇద్దరు అవుటయ్యారు. నిబంధనల ప్రకారం ఆ ఆట గెలిచిన బౌలరుగా రికార్డులో పడిన పేరు కేసీది, ఒక్క బంతి విసిరినందుకు. ఎనిమిది ఇన్నింగ్సులు చెమటోడ్చినవాడికి రాబోతున్నదేమిటో ఇక చూడండి.

చివరి సగం. మొదట వచ్చిన ఎడ్వర్డ్స్ బంతిని చాలా దూరం కొట్టాడు, ఎడమవైపు గోడ చేరువలో పట్టుకొన్నారు. తరువాత ఫ్యురిలోకు నడక. ఆ తరువాతి యార్గెన్‌సన్ కొట్టిన బంతి పక్కన గాలిలోకి లేచి చేతికి చిక్కింది. ఇద్దరు అవుట్. ఇంకొక్కడు. బెవెన్స్‌కు చరిత్రకూ నడుమ మిగిలినది ఒక్కడే.

అక్కడ షాటన్ ముసలి బుర్రలో లెక్క మొదలైంది. మొదటి బేసు మీదనున్న ఫ్యురిలో బదులు పరుగు కోసం ఆల్ జియన్‌ఫ్రిడోను దించాడు. పొట్టివాడు, చురుకైనవాడు, ఆ వేసవిలోనే పిట్స్‌బర్గ్ నుండి లక్ష డాలర్లతో పాటు వచ్చినవాడు. ఆ డబ్బు సంచీ మోయడానికే ఇతన్ని పంపించారని తోటివారు నవ్వేవారు. బ్యాటు పట్టడానికి పీట్ రీజర్‌ను పంపాడు. రీజర్ చీలమండకు క్రితం రోజే దెబ్బ తగిలింది. ఎముక విరిగిందని తరువాతగాని బయటపడలేదు. అతడు కుంటుతూ వచ్చి నిలుచున్నాడు. బెవెన్స్ విసురుతుండగా జియన్‌ఫ్రిడో ఒక్క ఉదుటున రెండవ బేసుకు పరుగెత్తాడు. యోగి బెరా విసిరిన బంతి వెంట్రుకవాసి ఆలస్యమైంది. ఆ బంతితో రీజర్‌కు అందని బంతులు మూడయ్యాయి. అప్పుడు యాంకీల నాయకుడు బకీ హారిస్ ఒక ఉత్తరువు చేశాడు: నాలుగవది కూడా కావాలనే దూరంగా విసిరి రీజర్‌ను మొదటి బేసుకు నడవనిమ్మని.

ఈ ఉత్తరువును నాటినుండి ఎందరో దుయ్యబట్టారు. రెండవ బేసు మీద ఉన్నవాడు వస్తే ఆట సమానమవుతుంది. మొదటి బేసు మీదికి వచ్చినవాడు కూడా వస్తే ఓడిపోతారు. ఓటమిని చేజేతులా తెచ్చి పీట వేసి కూర్చోబెట్టడమేనా నాయకత్వం అని వారి ఆక్షేపణ. నాకు మాత్రం హారిస్ అంత తెలివితక్కువ పని చేశాడని తోచదు. రీజర్ ఎడమచేతివాటం కొట్టువాడు. ఆ మైదానంలో కుడివైపు గోడ మరీ దగ్గర, మూల దగ్గర 297 అడుగులే. ఎముక విరిగిన సంగతి ఎవరికీ తెలియదు. గురి తప్పుతున్న బౌలరు, మూడు చెడ్డ బంతులు, ఎదుట ప్రమాదకారి. మంచి ఆటగాడిని వదలి సామాన్యుడిని ఎదుర్కొందామనుకోవడం సామాన్యమైన వివేకమే. ఫలితం తెలిసిన తరువాత పూర్వుల నిర్ణయాలకు తీర్పు చెప్పడం చరిత్రకారులకు మహా సులభం.

రీజర్ బదులు పరుగుకు మిక్సిస్ అనే కుర్రవాడు వెళ్లాడు. తరువాత బ్యాటు పట్టవలసినవాడు ఎడీ స్టాంకీ. స్టాంకీ గొప్పగా కొట్టేవాడు కాకున్నా నడకలు రాబట్టడంలో ఆరితేరినవాడు; గురి లేని బౌలరు ఎదుట అంతకంటె తగినవాడు లేడనిపిస్తుంది. షాటన్ అతన్ని కూర్చోమన్నాడు. బల్ల మీదనున్న లావగెట్టో వైపు చూచాడు.

మొదటి బంతికి లావగెట్టో బలంగా ఊపి తప్పిపోయాడు. రెండవది వేగంగా, కాస్త బయటికి వచ్చింది. లావగెట్టో కుడిచేతివాటంవాడు. ఏండ్ల తరబడి బంతిని ఎడమవైపుకు లాగికొట్టడమే అతని అలవాటు. ఈసారి బంతి కుడివైపుకు లేచింది.

ఎబెట్స్ ఫీల్డ్ కుడిగోడ సామాన్యమైన గోడ కాదు. కింద సగం వాలుగా, పై సగం నిటారుగా ఉండేది, మీద వల, నడుమ స్కోరుబోర్డు, చుట్టూ వ్యాపార ప్రకటనలు. బంతి తగిలిన చోటును బట్టి ఎటైనా ఎగిరివచ్చేది. ఆ గోడ ముందు కాపు కాస్తున్నవాడు హెన్రిక్. అంతకు ముందు ఇన్నింగ్సులోనే అతడు హెర్మాన్‌స్కీ కొట్టిన బంతిని అదే గోడకు ఎగిరి అందుకొని బెవెన్స్ ఘనతను కాపాడాడు. ఇప్పుడూ ఎగరాలా, లేక వెనుకకు తగ్గి గోడకు తగిలి వచ్చే బంతి కోసం నిలవాలా? ఎగిరి అందకపోతే ఇద్దరూ ఇంటికి చేరుతారు. నిలిస్తే బెవెన్స్ ఘనత పోతుంది, కాని ఆట మిగలవచ్చు. ఆ రెప్పపాటులో అతనికి రెండూ దక్కలేదు. బంతి అతని తలపైగా గోడకు తగిలి, అతని చేతికి చిక్కకుండా పక్కకు తప్పుకొన్నది. జియన్‌ఫ్రిడో వచ్చాడు. మిక్సిస్ వచ్చాడు. 3–2. స్టేడియంలో ఉన్న 33,443 మందీ లేచారు. బ్రూక్లిన్ జట్టుకు ఆ రోజు మొత్తానికి దక్కిన హిట్టు అదొక్కటే. యాంకీలు కొట్టినవి ఎనిమిది.

ఆ ఆట లెక్కల పట్టికను నేను చాలాసార్లు ముందు పెట్టుకొని చూచాను. అందులో లావగెట్టో పేరు ఎదుట ఒక అంకె ఉంటుంది. జియన్‌ఫ్రిడో దొంగిలించిన బేసు, షాటన్ ఎంపిక, రీజర్ విరిగిన ఎముక, హెన్రిక్ తటపటాయింపు, ఇవన్నీ ఆ అంకెలో కలిసి మాయమైపోయినవి. వీటిలో ఏ ఒక్కటి లేకున్నా అది మామూలు హిట్టుగా మిగిలేది, లేదా హిట్టే అయ్యేది కాదు. దీనికి రుజువు ఎక్కువ వెతకనక్కరలేదు, మరునాడే దొరుకుతుంది.

అక్టోబరు 4. అదే మైదానం. యాంకీలు 2–1తో ముందున్నారు. తొమ్మిదవ ఇన్నింగ్సు చివరి సగం. ఇద్దరు అవుట్. రెండవ బేసు మీద మనిషి. అతడు ఇంటికి వస్తే ఆట సమానం. షాటన్ మళ్లీ బల్ల వైపు చూచి మళ్లీ లావగెట్టోనే పంపాడు. నిన్నటి ఘట్టం అచ్చుగుద్దినట్టు తిరిగివచ్చింది. జనం ఎంతగా ఉప్పొంగి ఉంటారో ఊహించవచ్చు. బంతి విసిరినవాడు స్పెక్ షే. లావగెట్టో కొట్టలేకపోయాడు, మూడు స్ట్రైకులతో అవుటయ్యాడు, బ్రూక్లిన్ ఓడింది. అదే మనిషి, అదే బ్యాటు, ఇరవై నాలుగు గంటల ఎడం. ఈ రెండవ ఘట్టాన్ని ఎవరూ చెప్పుకొనరు. మొదటి ఘట్టాన్ని మాత్రం తాతలు మనుమలకు చెప్పారు.

ఆరవ ఆటలో, అక్టోబరు 5న, 74,065 మంది ఎదుట యాంకీ స్టేడియంలో, డిమాజియో ఎడమవైపు 415 అడుగుల గుర్తు వరకు కొట్టిన బంతిని ఆ పొట్టి జియన్‌ఫ్రిడో పరుగెత్తి పట్టుకొన్నాడు. ఎన్నడూ చలించని డిమాజియో ఆనాడు కోపంతో మట్టిని తన్నాడు. బ్రూక్లిన్ 8–6తో గెలిచింది. మరునాడు ఏడవ ఆట. యాంకీలు 5–2తో నెగ్గి విజేతలయ్యారు. ఆ ఏడవ ఆటలో బెవెన్స్ నడుమ వచ్చి రెండు ఇన్నింగ్సులకు పైగా బంతి విసిరి ఒక్క పరుగైనా ఇవ్వలేదు.

ఇది గమనించదగిన సంగతి. బెవెన్స్ గెలిచిన జట్టువాడు. సిరీస్‌ను గెలిచిన ఆటలో అతనికి భాగం ఉన్నది. లావగెట్టో ఓడిన జట్టువాడు; ఆ సిరీస్‌లో ఏడుసార్లు కొట్టడానికి నిలిచి ఒక్క హిట్టే సంపాదించాడు. అయినా ప్రజల నోట బెవెన్స్ ఓడినవాడు, లావగెట్టో గెలిచినవాడు. యుద్ధం ఎవరు గెలిచారన్నది పుస్తకాలలో ఉంటుంది. జనం గుర్తుంచుకొనేది వేరు. పలనాటి యుద్ధంలో ఓడిన పక్షపు బాలచంద్రుని మనం తలచుకొన్నంతగా గెలిచినవారి నెవరిని తలచుకొంటున్నాం?

బ్రూక్లిన్ ఆ దెబ్బను ఎందుకంత భద్రంగా దాచుకొన్నదంటే దాచుకోవడానికి దాని వద్ద వేరేమీ అంతగా లేదు. ఆ తరువాత 1949లో, 1952లో, 1953లో కూడా యాంకీల చేతిలోనే ఓడింది. 1955లో ఒక్కసారి గెలిచింది. రెండేండ్లు గడిచేసరికి, 1957 సీజను ముగియగానే, యజమాని జట్టును మూటగట్టుకొని ఖండానికి అవతలి ఒడ్డున ఉన్న లాస్ ఏంజలీస్‌కు తరలించాడు. 1960లో ఎబెట్స్ ఫీల్డ్‌ను పడగొట్టి ఆ స్థలంలో నివాసగృహాలు కట్టారు. బంతి తగిలిన గోడ లేదు, కేకలు వేసిన మెట్లు లేవు. ఊరు మిగిలి జట్టు పోయినచోట జనానికి దెబ్బ ఒక్కటే ఆస్తి. అందుకే దానికి వడ్డీ పెరుగుతూ వచ్చింది. ఆ వడ్డీ కిందనే లావగెట్టో అసలు కరిగిపోయింది. నాలుగు ఆల్‌స్టార్ ఏండ్లు, యుద్ధంలో పోగొట్టుకొన్న నాలుగేండ్లు, 945 హిట్లు, అన్నీ. ఒక్కదానిని అంతగా వెలిగిస్తే పక్కనున్నవన్నీ చీకటిలో పడతాయి. అప్పుడు మనమే వచ్చి, ఇతడెవరో తెలియదే అంటాము.

ఇటువంటిది మన ఉపఖండంలోనూ జరిగింది. 1998 జనవరి 18న ఢాకాలో పాకిస్తాన్‌తో జరిగిన అంతిమ పోటీలో భారతజట్టు గెలవడానికి రెండు బంతులలో మూడు పరుగులు కావలసి ఉండగా హృషీకేశ్ కానిత్కర్ అనే యువకుడు సక్లైన్ ముస్తాక్ బంతిని బౌండరీకి పంపాడు. ఆ నాలుగు పరుగులు ఎరుగని క్రికెట్టు అభిమాని లేడు. అతడు దేశవాళీ పోటీలలో పదివేలకు పైగా పరుగులు చేశాడని, 2010–11లో అతని నాయకత్వాన రాజస్థాన్ రంజీ ట్రోఫీ గెలిచిందని ఎందరు చెప్పగలరు? అడిగి చూడండి, ఆ నాలుగు పరుగులే చెబుతారు.

బెవెన్స్ కోసం ఎవరూ వెతకలేదు. 1947 సిరీస్ తరువాత అతని చేయి నొప్పి పట్టుకొన్నది. చిన్న జట్లలో ఏండ్ల తరబడి ప్రయత్నించాడు. అగ్రశ్రేణిలో మళ్లీ ఒక్క బంతి కూడా విసరలేదు. 1956 అక్టోబరు 8న డాన్ లార్సెన్ అనే యాంకీ ఆటగాడు బ్రూక్లిన్ మీదనే ప్రపంచ సిరీస్‌లో మొదటిసారి హిట్టు లేని ఆటను పూర్తి చేశాడు. అతడు ఒక్క నడక కూడా ఇవ్వలేదు. ఆ తరువాత అటువంటిది 2022 వరకు జరగలేదు. అప్పుడైనా దానికి హ్యూస్టన్ జట్టువారు నలుగురు పూనుకోవలసివచ్చింది. తొమ్మిదవ ఇన్నింగ్సులో ఇద్దరిని అవుట్ చేసిన తరువాత పోగొట్టుకొన్న బెవెన్స్ 1991లో ఆరిగాన్‌లోనే కన్నుమూశాడు. డిమాజియో బంతిని పట్టిన జియన్‌ఫ్రిడో కూడా ఆ సిరీస్ తరువాత అగ్రశ్రేణిలో ఒక్క ఆటా ఆడలేదు. లావగెట్టో సంగతీ అంతే. ఆ సంవత్సరపు కథలో ప్రధానపాత్రలు ముగ్గురికీ ఆ అక్టోబరే చివరిది. గోడకు తగిలిన ఆ బంతి లావగెట్టో అగ్రశ్రేణిలో కొట్టిన చివరి హిట్టు.

ఆ శీతకాలం గడవకముందే బ్రూక్లిన్ జట్టు అతన్ని వదలుకొన్నది. తరువాతి ఏండ్లలో అతడు శిక్షకుడుగా, వాషింగ్టన్ జట్టుకూ, 1961లో ఆ జట్టు మినెసోటాకు తరలినప్పుడు దానికీ నాయకుడుగా పనిచేశాడు. ఆ యేడు నడుమనే ఆ పదవి నుండి తొలగించబడ్డాడు. 1990 ఆగస్టు 10న మరణించాడు. పత్రికలు అతని మరణవార్తలో దేనిని మొదట చెప్పి ఉంటాయో వేరే చెప్పనక్కరలేదు. కాని నాకు ఎక్కువగా కండ్ల ముందు మెదిలేది 1948వ సంవత్సరం. బ్రూక్లిన్ వదిలిన లావగెట్టో తిన్నగా ఓక్లండ్‌కు తిరిగివెళ్లి, పదిహేనేండ్ల కింద తాను బయలుదేరిన సొంత ఊరి జట్టులోనే చేరాడు. దాని నాయకుడు కేసీ స్టెంగెల్. జట్టునిండా అగ్రశ్రేణిలో కాలం చెల్లిన పాతకాపులే కనుక జనం వారిని 'తొమ్మండుగురు ముసలివాండ్రు' అని పిలిచేవారు. ఆ ముసలివాండ్రు ఆ యేడు పసిఫిక్ తీరపు లీగులో మొదటి స్థానం గెలిచారు. ఆ గౌరవం ఓక్లండ్‌కు 1927 తరువాత మళ్లీ అప్పుడే దక్కింది.